సాక్షి గ్లాసు

విడత 611. సోమవారం.

రిజిస్టరులో రిమార్కుల గడి తీసేశారు. కొత్త రిజిస్టరులో గ్లాసుకొక గడి ఉంది. ఒక్కో గడిలో ఒకే మాట రాయాలి, పాలు లేదా పెరుగు. ఆఖరి గడిలో "సాక్షి గ్లాసు నాశనం చేయబడినది" అని ముందే అచ్చు వేసి ఉంది. కింద నేను సంతకం పెడితే చాలు. నేను మరీ ఎక్కువ రాస్తున్నానని మా సూపర్‌వైజరు సైకం వీరరాఘవులు గారు పైకి రాశారట. పోయిన ఏడాది రిమార్కుల్లో గేదె జ్వరం గురించి ఒకటిన్నర పేజీ రాసిన మాట నిజమే. గేదెకి జ్వరమొస్తే పాలు పలచబడతాయి, పాలు పలచబడితే పరీక్ష తేడా వస్తుంది. అది రాయక ఇంకేం రాయాలి? సరే, ఈ పుస్తకం నా సొంతం. ఇందులో గడులు లేవు.

నా పేరు లంకే తిరుపతమ్మ, ఉద్యోగంలో పుట్టింటి పేరే ఉండిపోయింది. పదకొండో తెప్ప సొనశాలలో పరీక్ష గుమాస్తాని. రేపు నేను మంచాన పడితే నా పీట మీద కూర్చునే మనిషికి ఉపయోగపడుతుందని పని వివరం రాస్తున్నాను.

పొద్దున ఐదింటికి గేదె పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఆరు గ్లాసుల్లో పొయ్యాలి. ఆరింటిలోనూ తలా అర చెంచా తోడు. మొదటి ఐదింటిలో ఆ రోజు విడత సొననీరు తలా ఒక చెంచా. ఆరోదాంట్లో వెయ్యకూడదు. అది సాక్షి. మధ్యాహ్నం పన్నెండింటికి గ్లాసులు వంచి చూడాలి. ఐదూ పాలుగానే ఉండి, సాక్షి ఒక్కటీ పెరుగైతే సొననీరు మంచిదన్నట్టు. రాఘవులు గారు ముద్ర వేస్తారు, సీసాలు ఆసుపత్రికి వెళతాయి. ఐదింటిలో మూడు పేరుకుంటే సొననీరు చచ్చిపోయిందన్నట్టు. విడత మొత్తం సముద్రంలో పొయ్యాలి. రోజుకొక విడత, రెండేళ్లకోసారి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

ఎందుకలా అంటే, పెరుగు చేసేదీ క్రిమే, పుండుకి చీము పట్టించేదీ క్రిమే. క్రిమి ఒంటి చుట్టూ గోడ ఉంటుంది, అల్లిన బుట్టలాగా. బాతుగుడ్డు తెల్లసొనలో ఉన్న ఎంజైము ఆ అల్లికలో ముళ్లు విప్పేస్తుంది. లోపల కుక్కి ఉన్నదంతా బయటికి తన్నుకొచ్చి క్రిమి పగిలిపోతుంది. మాత్రలు పనిచెయ్యడం మానేశాక మనకి మిగిలింది ఈ నీళ్లే. అందుకే తెల్లసొన సర్కారుది, పచ్చసొన జనానిది. సముద్రం మీద ఈ తెప్పలు కట్టి జనం కాపురాలు పెట్టి ముప్పై ఒక్క ఏళ్లయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా పచ్చసొన కూర, పచ్చసొన పులుసు, పచ్చసొన అట్టు.

కొళాయి నీళ్లలోనూ పలచగా సొననీరు కలుపుతారు కాబట్టి ఇళ్లలో పాలు తోడుకోవు. తోడు దాచుకోవడం నేరం కూడా. తెప్ప మొత్తం మీద బతికున్న పెరుగు మా గదిలో ముంతెడు ఉంది. దాన్ని సర్కారు తోడు అంటారు.

పరీక్ష అయ్యాక సాక్షి గ్లాసులోంచి రెండు చెంచాలు రేపటి తోడుకి ముంతలోకి తీసి, మిగతాది కాగే నీళ్లలో పోసి నాశనం చెయ్యాలి. ఇది రూలు. సొనశాలలో మేము ఏడుగురం. వారానికి రోజులూ ఏడే. ఇంతకంటే వివరంగా రాయక్కర్లేదనుకుంటాను.

ఈ రోజు ఐదు పాలు, ఒక పెరుగు.


విడత 612. మంగళవారం.

ఐదు పాలు, ఒక పెరుగు. ముద్ర పడింది.

ఈ రోజు వంతు నాది. అన్నం వేడిగా తెచ్చుకున్నాను. నంజుకోవడానికి ఎండుచేప ముక్క. గ్లాసు వంచితే పెరుగు కదల్లేదు, పైన వేలిమందం మీగడ. ఇరవై ఏళ్లొచ్చేదాకా రెండు పూటలా తిన్న తిండే ఇది. అప్పుడు దీన్ని తిండిలోనే లెక్కవెయ్యలేదు, కూర బాగోకపోతే కడుపు నింపుకోవడానికి ఉండేది. ఇప్పుడు సోమవారం నుంచే నోట్లో నీళ్లూరతాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిన్నాక గుర్తొచ్చింది, తోడుకి రెండు చెంచాలు మిగల్చలేదు. వేలితో తుడుచుకుని నాకిన గ్లాసులో మిగిలేదేముంటుంది. మూడో గ్లాసు పాల అడుగున ఇంత గడ్డలాంటిది పేరుకుని ఉంటే అదే తీసి ముంతలో వేశాను. పెరుగు పెరుగే కదా. ఈ వానాకాలంలో ఇలా చెయ్యడం ఎన్నోసారో గుర్తులేదు. నేనొక్కదాన్నే అని కాదు, గ్లాసు కడిగినట్టు నాకి ఇచ్చేవాళ్లే అందరూ. కాకపోతే తోడు తీసే చెయ్యి నాది.


విడత 615. శుక్రవారం.

నాలుగు పాలు. మూడో గ్లాసు సగం పేరుకుంది. సగం పేరుకున్నదాన్ని ఏమని రాయాలో గడిలో చోటు లేదు. "పాలు" అని రాయమన్నారు రాఘవులు గారు.

శుక్రవారం ఆయన వంతు. మనిషి రూలు పుస్తకం చంకలో పెట్టుకుని పుట్టినట్టుంటారు గానీ ఆ ఒక్క రోజూ తలుపు వేసుకుని తింటారు. గ్లాసు బయటికొచ్చాక చూస్తే కడగాల్సిన అవసరం లేదు. తోడుకి మూడో గ్లాసులోంచే తీశాను.


విడత 619. మంగళవారం.

మూడు పాలు, రెండు పెరుగు. సాక్షితో కలిపి మూడు పెరుగు. రూలు ప్రకారం ఇంకా మంచి విడతే, ముద్ర పడింది. నా వంతు నేను తిన్నాక, పేరుకున్న ఆ రెండు గ్లాసులూ ఏం చెయ్యాలని అడిగాడు బసవయ్య బాబాయ్. ఆయన తొట్ల మనిషి. సొన వడగట్టేదీ ఉప్పు కలిపేదీ ఆయనే, సొనశాల పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. నాశనం చెయ్యాలన్నాను. "ఎట్టా నాశనం చెయ్యాలో నాకు తెలుసులే" అని రెండూ తీసుకుపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా ఆడపడుచు గంగాభవాని కాలు కోసుకుందట. తను గొలుసు పని చేస్తుంది. తెప్ప లంగరు గొలుసులకి పట్టే గుల్లలు మునిగి గీకడం. ఎడమ పాదం, బొటనవేలి దగ్గర గుల్ల దిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి పంపారు. సాయంత్రం చూడ్డానికి వెళ్లలేదు. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో, నా చేతి పచ్చసొన పులుసు పుస్తకాలకి అట్టలు అంటించుకోవడానికి పనికొస్తుందని నలుగురిలో అంది. అప్పటినుంచీ మాకు మాటల్లేవు.


విడత 621. గురువారం.

రెండు పాలు, మూడు పెరుగు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి విడత పోయింది. మూడు వందల గుడ్ల సొన. బసవయ్య బాబాయ్ పీపా దొర్లించుకెళ్లి వెనక చపటా మీంచి సముద్రంలో పోశాడు.

తర్వాత అందరం భోజనానికి కూర్చున్నాం. మనుషులు ఏడుగురు, పెరుగు గ్లాసులు నాలుగు. ఎవరి వంతో అడిగినవాళ్లు లేరు. బాతుల దొడ్డి నుంచి ఒకామె తన టిఫిను గిన్నె నిండా అన్నం తెచ్చుకుంది, ఇంకొకరు ఎక్కడిదో ఆవకాయ బయటికి తీశారు. మధ్యలో రాఘవులు గారు తలుపు తీసి తల లోపలికి పెట్టారు. ఇది విషాద సమయమని గుర్తు చేసి, అర గ్లాసు పట్టుకెళ్లారు.


విడత 622, 623. శుక్రవారం, శనివారం.

నిన్న నాలుగు పెరుగు, ఈ రోజు ఐదూ పెరుగే. రెండు విడతలూ సముద్రంలోకి. సొననీరు ఈ వేడికి నాలుగైదు రోజులకంటే నిలవదు, అంటే ఆసుపత్రిలో ఉన్నది సోమవారందాకా.

తప్పు తొట్లదని తేల్చారు రాఘవులు గారు. తొట్లు బసవయ్య బాబాయ్‌వి. ఆయన్ని తీసి తెప్ప అడుగున నీళ్లు తోడే పనిలో వేశారు. అరవై ఆరేళ్ల మనిషి. "ముప్పయ్యేళ్లు వడగట్టా, ఒక్క పీపా చెడలేదు. ఇప్పుడెట్టా చెడిద్ది?" అని ఒక్క మాటన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని దిగిపోయాడు. నాకు బాధేసింది. అయినా నేను చూసింది గ్లాసుల్లో ఉన్నదే. పెరుగుని పాలని రాయలేను కదా.

తొట్లు కడిగినా పెరుగే రావడంతో రాఘవులు గారి అనుమానం బాతుల మీదికి మళ్లింది. బాతులు తిన్న మేత, తాగిన నీళ్లు, చూసిన దిక్కు అన్నీ విచారించి, రొయ్యపొట్టు ఆపి తవుడు పెట్టమన్నారు. మేత మారిన బాతులు గుడ్లు పెట్టడం తగ్గించాయి. రేపటి విడతకి నూట డెబ్భై గుడ్లే వచ్చాయి.

ఏడుగురిలో ఇప్పుడు ఆరుగురమే ఉన్నాం, గ్లాసులూ ఆరు. తలా ఒకటి. ఇది రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు, కానీ జరిగింది ఇదే.


విడత 625. సోమవారం.

ఐదు పెరుగు. పీపా ఒలికించారు. నూట ఇరవై గుడ్లవి.

పని కాగానే ఆసుపత్రికి వెళ్లాను. అత్తమ్మ పొద్దుటినుంచీ అక్కడే ఉంది. గంగాభవాని మంచం మీద కూర్చుని వల అల్లుకుంటోంది, అంటే అల్లుకుంటున్నట్టు చేతులాడిస్తోంది. పాదం చీలమండదాకా వాచి మెరుస్తోంది. బొటనవేలూ పక్క వేలూ రంగు మారాయి. నన్ను చూసి మొహం గోడకి తిప్పుకుంది. నుదుటి మీద చెయ్యి పెడితే తీసెయ్యలేదు, ఒళ్లు కాలిపోతోంది.

నర్సు దీవెనమ్మ బయటికి పిలిచింది. ఆమె మాటల్లో సాగదీత ఉండదు.

"ఇయ్యాల పొద్దున పోసిందే ఆఖరి సీసా, తిరపతమ్మా. తొమ్మిదో తెప్ప నుంచి వస్తయ్యని చెప్తన్నారు, సముద్రం ఇట్టా ఉంటే పడవెట్టా వచ్చిద్ది?"

ఆ పడవ నడిపేది మా ఆయనే. నాలుగు రోజులుగా తొమ్మిదో తెప్ప దగ్గర కట్టేసుకుని కూర్చున్నాడు. అలలు తగ్గడానికి ఇంకో వారం అంటున్నారు.

"సీసా రాకపోతే?" అన్నాను.

"రెండు రోజులు చూస్తా. ఆ తర్వాత మోకాలి కింద తియ్యాలి. అదీ ఆలస్యమైతే మనిషే దక్కదు."

మోకాలి కింద కాలు లేని మనిషి గొలుసు పని చెయ్యలేదు. అది వేరే సంగతి, అసలు మనిషి ఉండాలి కదా. ఇరవై తొమ్మిదేళ్లు దానికి. నా పెళ్లినాటికి రెండేళ్ల పిల్ల, నా కొంగు పట్టుకుని తెప్పంతా తిరిగింది. పులుసు మాట అనుంటే అంది. నిజానికి ఆ రోజు పులుసు చిక్కబడింది కూడా.


విడత 626. మంగళవారం.

ఐదు పెరుగు. నా వంతు. తినబుద్ధి కాలేదు.

గ్లాసులు కడగడానికి వెనక చపటా మీదికి వెళితే బసవయ్య బాబాయ్ అడుగునుంచి ఎక్కి వచ్చి ఊపిరి తీసుకుంటున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

"ఇక్కడేం కనపడతంది నీకు?"

"ఏమీ లేదు బాబాయ్."

"అదే నేననేది. ఇక్కడ కురుపుండేది. నెల నించీ రసి కారతంది. గురువారం పీపా ఒలకబోస్తా ఉంటే మోచేతుల దాకా తడిసింది. శుక్రారమూ తడిసింది. ఆదారానికి చెక్కు కట్టి ఊడిపోయింది. చచ్చిన నీళ్లైతే నా కురుపెట్టా మానిద్ది? చెప్పు."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని మళ్లీ దిగిపోయాడు. నేను ఆరు ఖాళీ గ్లాసులు ముందేసుకుని కూర్చున్నాను.

నీళ్లు బతికే ఉన్నాయనుకుందాం. తొట్లు మంచివే, బాతులు మంచివే. అయినా ఐదు గ్లాసులూ పేరుకుంటున్నాయి. అంటే తేడా పాలలోనైనా ఉండాలి, తోడులోనైనా ఉండాలి. గేదెకి ఏ రోగమూ లేదు.

తోడు.

సొననీరు పడిన గ్లాసులో క్రిములన్నీ పగిలిపోవాలి. అడుగున ఇంత పేరుకుందంటే, అక్కడ పగలనివి కొన్ని మిగిలాయన్నమాట. వాటి గోడ అల్లిక ఏదో వేరు, ముడి విప్పుదామంటే ఊడిరాదు. నేనేం చేశాను? సాక్షి గ్లాసు నాకేసి, ఏరి ఏరి అవే తీసి మర్నాటికి తోడు వేశాను. వాటి పిల్లల్లోంచి మళ్లీ మిగిలినవి తీసి ఆ మర్నాటికి. వానాకాలం అంతా. విత్తనాల వడ్లు ఏరినట్టు ఏరాను. ఇప్పుడు ముంతెడు సర్కారు తోడూ అవే. దాంట్లో ఎంత మంచి సొననీరు పోసినా పెరుగే అవుతుంది.

ఆరు రోజులుగా సముద్రంలో పోసింది మంచి మందు. అక్కడ ఆ పిల్ల కాలు కుళ్లుతోంది, ఇక్కడ మేము ఆవకాయ వేసుకుని పెరుగన్నం తిన్నాం.

అలమరలో ఈ రోజు విడతది ఒక సీసా నా పరీక్ష కోసం తీసి పెట్టింది మిగిలింది. అది పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. దీవెనమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ముద్రేది?"

"లేదు. కానీ మంచిదే అనుకుంటన్నా."

"అనుకుంటే చాలదు తిరపతమ్మా. ముద్ర లేని సీసా పోసి ఇద్దర్ని పోగొట్టుకున్నా నేను, నీకు తెలుసు. మురిగిన సొన పచ్చి పుండు మీద పడితే ఏమవుద్దో నేను చూశా. ముద్రేయించుకు రా, కళ్లకద్దుకుని పోస్తా."

ఆమె తప్పు లేదు. నాకైనా గట్టిగా ఏం తెలుసు? ఒక కురుపు మానిందని తెలుసు. ముద్ర కావాలంటే పరీక్ష నెగ్గాలి, పరీక్ష నెగ్గాలంటే వేరే తోడు కావాలి. తెప్ప మీద వేరే తోడు లేదు.

మంచం పక్కన కూర్చున్న అత్తమ్మ ఇదంతా వింటోంది. ఆమెకి డెబ్భై నాలుగు. కూతురి కట్టు సర్దుతూనే అడిగింది.

"తోడు లేకపోతే మిరపకాయ తొడిమలు వెయ్యకూడదటే?"

"ఏంటత్తమ్మా?"

"మా అమ్మ వేసేది. ఇంట్లో తోడు నిండుకుంటే పచ్చిమిరపకాయల తొడిమలు తుంపి గోరెచ్చటి పాలల్లో పడేసేది. తెల్లారేసరికి తోడుకునేది. మొదటిసారి జారుగా ఉంటది, దాంతో ఇంకోసారి వేస్తే గడ్డకడద్ది."

ముప్పై ఒక్క ఏళ్లు ఈ శాఖలో చేశాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. అప్పటికప్పుడు మా కుండీలో ఎనిమిది కాయలు కోసి, తొడిమలు శుభ్రంగా కడిగి, ఇంట్లోనే పాలల్లో వేశాను. నేరమే. అయితే కానీ.


విడత 627. బుధవారం.

పొద్దున చూస్తే పాలు పాలుగానే ఉన్నాయి. ఎంతసేపు చూసినా పాలే. అత్తమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "తొడిమలు దేంతో కడిగావు?" అంది. కొళాయి నీళ్లతో కడిగాను. కొళాయి నీళ్లలో ఏముంటుందో తెప్ప మొత్తం మీద నాకే బాగా తెలియాలి. తొడిమల మీద ఉన్న నాలుగు క్రిములనీ నా చేత్తో నేనే చంపాను. ఒక రోజు పోయింది.

వాన నీళ్లు తప్ప తాగని మొక్క కోసం వెతికితే బసవయ్య బాబాయ్ ఇంటి కప్పు మీద దొరికింది. కాయలు తెంపి చేతిలో పెడుతూ "కడగమాకు" అన్నాడు. కడగలేదు. పాలు రెండుసార్లు కాచాను, గిన్నె కూడా వాన నీళ్లతోనే తొలిచాను.

సొనశాలలో ఐదు పెరుగు. పరీక్ష నెగ్గితే అక్కరకొస్తుందని విడతలో కొంత ఒలకబొయ్యకుండా దాచమని బాతుల దొడ్డి ఆమెని బతిమాలాను. మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. కారణం నేనే చెప్పాను వాళ్లకి. చెప్పాక, ఆ క్రిములిప్పుడు మన కడుపుల్లో ఉన్నట్టేనా అని ఒకరడిగారు. ఉన్నట్టే అన్నాను.

దీవెనమ్మ కబురు పెట్టింది, రేపు సాయంత్రం దాకా ఆగుతుందట.


విడత 628. గురువారం.

పొద్దున నాలుగున్నరకి గిన్నె వంచాను. జారుగా, కాస్త కారపు వాసనతో, తోడుకుంది. దాన్ని చూసి ఏడ్చాను. కన్నీళ్లు గిన్నెలో పడకుండా వెనక్కి జరిగి ఏడ్చాను, కన్నీళ్లలోనూ గోడలు విప్పే ఆ సరుకే ఉంటుంది.

ఐదింటికి పన్నెండు గ్లాసులు పేర్చాను. ఆరు సర్కారు తోడుతో, ఆరు మిరప తోడుతో. రెండు వరసల్లోనూ ఇదే విడత సొననీరు. తొంభై గుడ్లది, బాతులు రేపు ఇంకెన్ని పెడతాయో తెలియదు. కొత్త తోడు నీరసంగా ఉందని పన్నెండింటిదాకా కాకుండా మూడింటిదాకా ఆగాను. అది నా బతుకులో పొడుగాటి మధ్యాహ్నం.

మూడింటికి రాఘవులు గారిని పిలిచాను. ముందు సర్కారు వరస వంచాను. ఆరూ పెరుగు. తర్వాత రెండో వరస. ఒకటి పాలు. రెండు పాలు. మూడు పాలు, నాలుగు, ఐదు పాలు. ఆరోది, సాక్షి, కదల్లేదు.

"రిజిస్టరులో ఆరు గడులే ఉన్నాయమ్మా," అన్నారు ఆయన. "పన్నెండు గ్లాసులకి చోటు లేదు. పైగా ఈ తోడు ఎవరిది? అనుమతి లేని తోడు. సర్కారు తోడు ఉండగా వేరే తోడుతో పరీక్ష చెయ్యడానికి రూలు ఎక్కడుంది?"

"లేదండి."

"మరి ముద్ర ఎలా వెయ్యమంటావు? పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలి? ముప్పై ఒక్క ఏళ్ల తోడు ఉన్నట్టుండి ఎందుకు చెడిందంటే ఏం రాయాలి?"

"నేను చెడగొట్టానని రాయండి. సాక్షి గ్లాసు తినేసి, తోడు పక్క గ్లాసులోంచి తీశాను. మంగళవారాలు నేను తిన్నాను. మిగతా వారాలు ఎవరు తిన్నారో ఎవరూ అడక్కపోతే రాయక్కర్లేదు. అడిగితే మాత్రం చెప్తాను రాఘవులు గారూ. శుక్రవారం సంగతి కూడా చెప్తాను."

ఆయన రెండు వరసల గ్లాసులూ మార్చి మార్చి చూశారు. మెడ కింద ఎర్రబడింది. కోపమనుకున్నాను, కాదు. తర్వాత మామూలు గొంతుతో, "గంగాభవానికి ఏ కాలు?" అని అడిగారు.

"ఎడమదండి."

ముద్ర బయటికి తీశారు. వేశాక, బసవయ్యని తొట్ల దగ్గరికి రమ్మనమని ఎవరికో చెప్పారు. నేను అప్పటికే సీసాతో మెట్ల మీద ఉన్నాను.


విడత 630. శనివారం.

నిన్నటినుంచీ పరీక్ష మిరప తోడుతోనే. ఈ రోజు కూడా ఐదు పాలు, ఒక పెరుగు. పాత ముంతని అందరి ఎదురుగా పెద్ద గంగాళంలో గంటసేపు ఉడకబెట్టాం. బసవయ్య బాబాయ్ గంగాళం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ల తోడు. బాతులకి మళ్లీ రొయ్యపొట్టు పెడుతున్నారు.

గంగాభవాని జ్వరం దిగింది. వాపు చీలమండ నుంచి వెనక్కి జారింది. కాలు ఉంటుందని దీవెనమ్మ అంది. రెండు వేళ్లు మాత్రం అప్పటికే చచ్చిపోయాయి, నిన్న తీసేసింది. సీసా మంగళవారం పోసి ఉంటే అవీ దక్కేవా అని అడిగాను. దక్కేవేమో అంది. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు.


విడత 632. సోమవారం.

తనకి చెప్పకుండా ఉండలేకపోయాను. మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పాను. సాక్షి గ్లాసు, ఏడుగురం, రోజుకొకరి వంతు, నాకడం, మూడో గ్లాసు, ఆవకాయ. ఏమీ దాచలేదు. మధ్యలో అత్తమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

గంగాభవాని తన కట్టు వంక చూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా అనుకున్నాను.

"అయితే నా రెండు వేళ్లూ పెరుగన్నంలో కలుపుకు తిన్నారన్నమాట," అంది.

అవునన్నాను.

రెండేళ్ల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత ఇంకోటి అడిగింది.

"అంత బాగుంటదా వదినా?"

అప్పుడు తట్టింది నాకు. తెప్పలు కట్టిన రెండేళ్లకి పుట్టిన పిల్ల. పెరుగంటే ఏమిటో దానికి తెలియదు.

"బాగుంటది," అన్నాను.


విడత 633. మంగళవారం.

ఐదు పాలు, ఒక పెరుగు. ముద్ర పడింది.

కొత్త రూలు వచ్చింది. సాక్షి గ్లాసుని ఇద్దరి ఎదుట నాశనం చెయ్యాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఎదుట ఉన్నది నేనూ, బసవయ్య బాబాయ్. ముందుగా రెండు చెంచాలు, కొసరుగా మూడోది, రేపటి తోడుకి ముంతలోకి తీసి మూత పెట్టాను. తర్వాత ఇద్దరం గ్లాసు పట్టుకుని ఆసుపత్రికి నడిచాం. అన్నం అత్తమ్మ తెచ్చింది.

గంగాభవాని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది, పుల్లగా ఉందట. రెండో ముద్ద పెట్టుకుంది. ఆ తర్వాత ఆగలేదు. ఆఖర్న గ్లాసు అడుగు వేలితో తుడిచి నాకింది. నీ పులుసు కంటే నయం వదినా అంది.

వెనక్కొచ్చి రిజిస్టరు తెరిచాను. ఆఖరి గడిలో ఉన్న అచ్చు మాటల మీద గీత కొట్టాను. పక్కన చోటు చాలలేదు, అంచులోకి తిప్పి రాశాను. "తోడుకి మూడు చెంచాలు తీయడమైనది. మిగతాది సైకం గంగాభవాని, గొలుసు పని, తిన్నది."

కింద నేను సంతకం పెట్టాను. బసవయ్య బాబాయ్ వేలిముద్ర వేశాడు. రాఘవులు గారు పేజీ చదివారు, ఇంటి పేరు దగ్గర ఆగారు. గంగాభవాని వాళ్ల పెదనాన్న కొడుకు ఆయన. రిమార్కులు క్లుప్తంగా రాయమని ఈసారి అనలేదు. కలం తీసుకుని నా సంతకం కింద, శుక్రవారం తన వంతు కూడా ఆమెకే అని రాశారు.